రుద్దితే పోయే పూత

"నోరీ! ఒక్కసారి నీ చెయ్యి పంపించు!"

గరాజులోంచి ఆర్విల్ పెట్టిన కేక అది. పంపించడానికి చెయ్యేమన్నా గరిటా, గిన్నే? నోరీన్ రెండు చేతులూ మణికట్టు దాకా రొట్టెపిండిలో ఉన్నాయి. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. ఇంకాసేపట్లో అత్తగారు వచ్చి, గింజల్లో ఉప్పు చాలలేదని చెప్పి, రెండు గిన్నెలు తినేసి వెళుతుంది. అయినా నోరీన్ చేతులు కడుక్కుని ఏప్రనుకి తుడుచుకుంటూ పెరటి మెట్లు దిగింది. కోపం వచ్చిందా అంటే రాలేదు. ఆ కేకలో పసిపిల్లాడి ఆత్రం ఒకటి ఉంటుంది. పెళ్ళినాటి నుంచీ ఆమె లొంగిపోతున్నది దానికే.

గరాజు నడుమ బల్బు కింద బండి నిలబడి ఉంది. ముప్పై రెండో సంవత్సరం నాటి ఫోర్డు కారు, పైకప్పు లేనిది. ఆర్విల్ దాన్ని డిలానో అవతల ఒక రైతు కోళ్ళషెడ్డులోంచి లాక్కొచ్చిన రోజున సీటులో ఓ పెట్ట పొదుగుతూ ఉంది. దిగనంటే దిగనని అది ఆర్విల్ ముక్కు మీద పొడిచింది కూడా. ఆ తుప్పుముద్దని వాళ్ళాయన ఇవాళ ఈ రూపానికి తెచ్చాడు. చట్రం కిందికి దించాడు, ఎక్కడో గుద్దుకుని నుజ్జయిన పెద్దకారు ఇంజను తెచ్చి ఇందులో కుదిర్చాడు. అది మొదటిసారి గర్జించినప్పుడు వీధిలో కుక్కలన్నీ మొరిగాయి, ఆర్విల్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పగలంతా నూనెబావుల దగ్గర పైపులు మోసి వచ్చి, అన్నం కూడా నిలబడే తిని, మళ్ళీ దీని కిందికి దూరే మనిషి. అతన్ని ప్రేమించకుండా ఉండటం నోరీన్ వల్ల అయ్యే పని కాదు.

"ఇదిగో, ఈ తలుపు చూడు. సాఫుగానే ఉంది కదూ?"

నోరీన్ కళ్ళు మూసుకుంది. అరచెయ్యి రేకుమీద ఆనీ ఆనకుండా ముందుకి నడిపింది, వెనక్కి తెచ్చింది. "ఇక్కడ పల్లం. నీ బొటనవేలంత."

"నాకేం కనపళ్ళేదే!"

"ఇప్పుడు కనపడదు. రంగు పడ్డాక ఊరందరికీ కనపడుతుంది."

ఆర్విల్ సుద్దతో అక్కడ సున్నా చుట్టి, ఆమె నెత్తిమీద ముద్దుపెట్టాడు. "నీ చెయ్యి లేకపోతే ఏమైపోయేవాణ్ణే!"

ఆ చెయ్యి అలా తయారవడం వెనక పెద్ద రహస్యమేమీ లేదు. పొద్దున్నపూట నోరీన్ బేకర్స్‌ఫీల్డ్ నడిబొడ్డున ఒక లాండ్రీలో చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది. పదకొండేళ్ళుగా చేస్తోంది. కాలరు మీద దారంపోగంత ముడతున్నా ఆమె అరచేతికి తెలిసిపోతుంది. యజమాని మాత్రం ప్రతి చొక్కానీ దీపం కిందికి తీసుకెళ్ళి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "పర్లేదమ్మాయ్, నేర్చుకుంటున్నావు" అంటాడు. ఆయన ఇంకా మీసాలు రాని రోజుల్లోనే నోరీన్ అక్కడ పనిలో చేరింది. నేర్చుకోవడం ఎప్పటికి పూర్తవుతుందో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ఇంటికొస్తే ఇంకో ఇస్త్రీ. రేకుని గరుకుకాగితంతో రుద్దడం కూడా అలాంటి పనే మరి. కాగితాన్ని చెక్కముక్కకి చుట్టి, నీళ్ళు పోస్తూ, ఐమూలగా ఒకసారి, ఎదురు ఐమూలగా ఒకసారి. మోచెయ్యి పీకుతుంది, నడుం పట్టేస్తుంది. ఎంత రుద్దినా చూసేవాళ్ళకి ఏమీ చేసినట్టుండదు. ఏమీ లేనట్టు కనపడటమే ఆ పని పద్ధతి. ఇల్లు ఊడ్చినా అంతే, గిన్నెలు తోమినా అంతే. వీటిలో నోరీన్‌కి ఒక్క ఈ బండి పని మాత్రమే ఇష్టం. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. అంటే అదీ తన విధుల్లోకి జమ అయిపోతుందని భయం.

కార్ల క్లబ్బు మిత్రుడు గ్రేడీ ఒక ఆదివారం బీరు సీసాతో వచ్చి, ఈ తలుపుల మీద చెయ్యేసి చూసి, "ఒరేయ్ ఆర్విల్, నీ పెళ్ళాం చెయ్యి ఒక్క శనివారం అప్పియ్యరా, నా కూపే కారుకి కావాలి" అన్నాడు. "తీసుకుపో. సాయంత్రానికి కడిగి తిరిగిచ్చెయ్" అన్నాడు ఆర్విల్. అందరూ విరగబడి నవ్వారు. నోరీన్ కూడా నవ్వింది. నవ్వుతూ బంగాళాదుంప సలాడు అందరి పళ్ళేల్లోనూ వడ్డించింది. శనివారం వెళ్ళి గ్రేడీ బండి పల్లాలన్నీ పట్టిచ్చింది కూడా. తర్వాత క్లబ్బులో ఆ కూపేని చూసి అందరూ గ్రేడీ భుజం తట్టారట. నోరీన్ తట్టించుకోవడానికి అక్కడ లేదు. క్లబ్బు మగవాళ్ళది. ఆడవాళ్ళు ఏడాదికోసారి కేకులు చేసిపెట్టాలి.

ఇంతకీ ఆ గరాజులో ఒక రాజ్యాంగం ఉంది. ఇంజను ఆర్విల్‌ది, అతుకులు ఆర్విల్‌వి. రుద్దుడు నోరీన్‌ది. చిన్న సామాన్లకి రంగేసి ఆరబెట్టే పొయ్యి కూడా నోరీన్ వంటింటిదే, ఆ వారం కోడి వేపుడు కిరసనాయిలు వాసన వేస్తే ఆ మాట పడేదీ ఆమే. ప్రైమరు, అంటే రంగుకి ముందు వేసే బూడిదరంగు పూత, నోరీన్‌ది. "ఎలాగూ రుద్దేసేదేగా, నువ్వు కొట్టెయ్, నాకు చేతినిండా పని ఉంది" అని ఆర్విల్ ఒకరోజు స్ప్రే గన్ ఆమె చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి ఆమె పూత వేసింది, ఆరాక రుద్దింది, మళ్ళీ వేసింది, మళ్ళీ రుద్దింది. గన్ను కూడా ఇస్త్రీపెట్టె లాంటిదేనని ఆమెకి త్వరగానే తెలిసిపోయింది. బట్ట మొదలవకముందే కదలాలి, అంచు దాటాక గాని ఆగకూడదు, మణికట్టు తిప్పకూడదు. ఆర్విల్ అంచు దగ్గర టక్కున ఆపుతాడు. అక్కడ రంగు కుప్పపడి చారలుగా కారుతుంది. కానీ చివరి రంగు, పదిమందీ చూసే రంగు, ఆర్విల్‌ది. ఆ రోజు నోరీన్ పని గాలిగొట్టం భుజాన వేసుకుని, అది తడిరంగుకి తగలకుండా అతని వెనకే తిరగడం.

పోయిన నవంబరులో అలాగే తిరిగింది. ఆర్విల్ మొదటి పూత కొట్టగానే రంగు మీద చిన్నచిన్న గుంటలు విచ్చుకున్నాయి. చేపకళ్ళు అంటారు వాటిని. కింద ఎక్కడో జిడ్డుంటే రంగు అక్కడ నిలవక పక్కకి తప్పుకుంటుంది. బండి నిండా వేల కళ్ళు. ఆర్విల్ గన్ను కింద పెట్టేసి, ముఖమంతా నల్లబడి, "నీ చేతులకి రాసుకునే ఆ క్రీమే నోరీ. అదే అంటుకుంది" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. క్షమించేస్తున్నట్టు అన్నాడు. అత్తగారు ఓపల్ గుమ్మంలోంచే అందుకుంది. "నేను ముందే చెప్పలా? మగాళ్ళ కొట్లో ఆడదానికేం పని? సోకు చేతులు పెట్టి వాడి బండి తగలేసింది."

సోకు! పదకొండేళ్ళు ఆవిరిలో ఉడికిన చేతులు, రోజూ గరుకుకాగితం మీద అరిగే చేతులు. పడుకోబోయే ముందు రాసుకునే ఆ గులాబీవాసన క్రీము ఒక్కటే రోజు మొత్తంలో ఆమె తన కోసం చేసుకునే పని. నోరీన్ తప్పు తనదేనేమో అని నిజంగానే అనుకుంది. ఆ సీసాని పిండిడబ్బా వెనకాల పెట్టేసి, మర్నాడే బండిని మళ్ళీ మొదటినుంచీ రుద్దడం మొదలుపెట్టింది. చలికాలం వచ్చింది. పొగమంచు పొలాల మీంచి లేచి వీధుల్లోకి వచ్చి కూర్చుంది. ఆ తేమలో రంగు వెయ్యడానికి లేదు కాబట్టి రుద్దడానికి కావలసినంత తీరిక. వేళ్ళు పగిలాయి. కణుపుల దగ్గర నెత్తురు ఊరింది. తెల్లచొక్కా మీద చుక్క పడితే లాండ్రీ యజమాని, "జాగ్రత్తమ్మాయ్" అన్నాడు. ఆర్విల్ రాత్రిపూట ఆ చెయ్యి పట్టుకుని, "అయ్యయ్యో, బాగా పగిలిందే" అని నిద్రపోయాడు.

మార్చిలో మంచు విడిచింది. నోరీన్ ఒక పాత ఫెండరు, అంటే చక్రం పైన ఉండే వంపురేకు, తీసుకుని దాని మీద రంగు కొట్టి చూద్దామనుకుంది. "ఉండుండు, తుడిచిస్తా" అని ఆర్విల్ జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి ఫెండరంతా ప్రేమగా తుడిచి, తోటివాళ్ళ బండెక్కి పనికి వెళ్ళిపోయాడు. నోరీన్ కొట్టింది. మళ్ళీ చేపకళ్ళు! నవంబరు నుంచీ తన చేతులకి క్రీము లేదే! మరి ఈ జిడ్డెక్కడిది? గరాజు నలుమూలలా చూసింది. ఆర్విల్ పికప్పు ట్రక్కు తళతళలాడుతూ బయట నిలబడి ఉంది. ప్రతి ఆదివారం దానికి కొత్తరకం పాలిష్ పెడతాడు. నీటిచుక్క కూడా నిలవనివ్వని పాలిష్ అని గొప్పగా చెబుతాడు. నీళ్ళే నిలవకపోతే రంగేం నిలుస్తుంది? ఆ పాలిష్ పెట్టేది జేబులోని ఆ గుడ్డతోనే.

నోరీన్ ఫెండరుని మళ్ళీ రుద్దింది. బట్టలుతికిన రోజున ఆ గుడ్డ దండెం మీద ఆరుతుంటే తెచ్చి దాంతో సగం తుడిచింది. లాండ్రీలో ఉడకబెట్టిన దుప్పటిముక్కతో మిగతా సగం తుడిచింది. రంగు కొట్టింది. ఒక సగం నిండా కళ్ళు. రెండో సగంలో మాత్రం ఆమె ముఖం పొద్దున్నే చూసుకునే అద్దంలో కంటే బాగా కనపడింది. ఆమెకి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఆ వెనకాలే ఒళ్ళుమండుకొచ్చింది. ఒక చలికాలమంతా నా వేళ్ళు నెత్తురోడాయి కదయ్యా! అతనికి చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. "అలాగా! పోన్లే, ఇప్పటికైనా తెలిసింది" అని నవ్వేసి, శుభ్రమైన గుడ్డ తీసుకుని, రంగు తనే కొట్టి, అంచుల దగ్గర చారలు తెప్పిస్తాడు. అది మాత్రం ఆమె భరించలేదు. ఆ రంగు ఆమె ఏరి కలిపించుకున్నది. శరత్కాలం చివర్న కోసే ద్రాక్ష ఎరుపు, నలుపుకి ఒక్క అడుగు ఇవతల. చిన్నప్పుడు తల్లి ఆ పళ్ళు పెట్టెల్లో సర్దే పనికి పోతూ ఆమెను వెంటతీసుకెళ్ళేది. ఆ రంగు తన చేత్తో ఒక వస్తువు మీద నిలవాలి, ఎవరూ రుద్దెయ్యకూడదు. బతుకులో ఇంత గట్టిగా ఆమె దేన్నీ కోరుకోలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మామూలుగానే అడిగింది. "ఈసారి రంగు నేనేస్తాను ఆర్విల్."

అతను రొట్టె నముల్తూ నవ్వాడు. "బాగుంది. మరి నేను గొట్టం మొయ్యనా?" ఇంకా నవ్వుతూనే ఆమె చెయ్యి నిమిరి, "మేలో కార్ల ప్రదర్శన ఉంది తల్లీ. నా బండికి మా ఆవిడ రంగేసిందంటే క్లబ్బులో నన్ను బతకనిస్తారా?" అన్నాడు. ఓపల్ గింజల్లో ఉప్పు కలుపుకుంటూ, "ఏమి కోరికలమ్మా!" అంది.

నోరీన్ ఆ ఫెండరుని గరాజు గోడకి, అతను సుత్తి తీసే చోటికి పక్కనే మేకుకి తగిలించింది. ఎప్పుడో ఒకరోజు చూస్తాడని. ఆర్విల్ ప్రతిరోజూ సుత్తి తీశాడు, పెట్టాడు.

ఏప్రిల్‌లో గాలి లేని ఒక శనివారం దొరికింది. నోరీన్ తెల్లవారగానే గరాజు నేలంతా దుమ్ము లేవకుండా తడిపింది. ఆర్విల్ ఆమె ఇస్త్రీ చేసిన తెల్ల ఓవరాల్ తొడుక్కుని పెళ్ళికొడుకులా వచ్చాడు. గ్రేడీ, మరో ఇద్దరు క్లబ్బువాళ్ళు బీరు సీసాలతో హాజరు. ఓపల్ పెరట్లో మడతకుర్చీ వేయించుకుని కూర్చుంది. నోరీన్ తలకి రుమాలు కట్టుకుని, ఉడకబెట్టిన బట్టతో బండిని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తుడిచింది. తుడవడం అయిపోయింది. ఆర్విల్ గన్ను అందుకున్నాడు. అందుకుని, "ఆఖరిసారి, అదృష్టం కోసం" అంటూ వెనకజేబులోంచి గుడ్డ తీశాడు.

నోరీన్ అతని మణికట్టు పట్టుకుంది. "అది వద్దు."

"ఏం? ఉతికిందేగా!"

"ఉతికినా పోదు." మేకుమీంచి ఫెండరు దింపి వెలుతురులోకి తెచ్చింది. "ఈ సగం నీ గుడ్డతో తుడిచాను. ఈ సగం నా బట్టతో. నవంబరు నుంచీ నా చేతులకి క్రీము లేదు ఆర్విల్. ఆ రోజు బండిని పాడుచేసింది నువ్వు పికప్పుకి పెట్టే పాలిషు."

గ్రేడీయే ముందు తేరుకున్నాడు. "ఓరి నీ గుడ్డ తగలెయ్యా! నీ కొంప నువ్వే ముంచుకుని పెళ్ళాన్ని అన్నావట్రా?" మిగతా ఇద్దరూ ఫక్కున నవ్వారు. ఆర్విల్ నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళున్న సగం చూశాడు, తర్వాత ఆ ఫెండరుని పట్టుకున్న ఆమె వేళ్ళు చూశాడు. చూడాల్సినంత సేపు చూశాడు. ఆపైన తన అరచెయ్యి తీసి రెండో సగం మీద మెల్లగా నడిపించాడు. ఎంతైనా పనివాడు కదా, తెలిసిపోయింది.

"ఇది కొట్టిందెవరు?"

"నేనే."

ఆర్విల్ పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు. "చిన్నప్పటి నుంచీ కలగంటున్నాను నోరీ, నా బండికి నేను రంగెయ్యాలని."

"తెలుసు. నాకూ అదే కల. బండి రుద్దుతూ రుద్దుతూ పట్టుకుంది." ఆమె ఫెండరుని పక్కన ఆనించి అతని ఎదుట నిలబడింది. "ఇన్నాళ్ళూ నేనేసినవన్నీ నేనే రుద్దేశాను. ఒక్కటి ఉండిపోవాలి నాది. నువ్వు కొడితే అంచు దగ్గర కారుతుంది. కారుతుందని నీకూ తెలుసు."

బయట ఓపల్ కుర్చీ కిర్రుమంది. ఆర్విల్ లేచాడు. అలిగి వెళ్ళిపోతున్నాడని నోరీన్ అనుకుంది. అతను గన్ను ఆమె చేతిలో పెట్టి, గాలిగొట్టం తీసి తన భుజాన వేసుకున్నాడు. "గ్రేడీ, ఆ సీసాలు పట్టుకుని బయటికి నడవండి. మీ బూట్ల నిండా దుమ్ము."

నోరీన్ ముఖానికి గుడ్డ కట్టుకుంది. ఎడమ ఫెండరుకి జానెడు ఇవతల మొదలుపెట్టి, జానెడు అవతల ఆపింది. రంగు పడింది, పరుచుకుంది, నిలిచింది. ఒక్క కన్ను కూడా తెరుచుకోలేదు. ఇంక ఆమెకి లాండ్రీ లేదు, వంటిల్లు లేదు, చాలు పక్కన చాలు, సగం మీద సగం. వెనక వంపు దగ్గర ఆమె వేగంగా తిరిగేసరికి గొట్టం తడిరంగు మీదికి వాలబోయింది. ఆర్విల్ తడినేల మీద మోకాళ్ళ మీద పడి దాన్ని రెండు చేతులా పైకెత్తాడు. తెల్ల ఓవరాల్ బురదైంది. "కానీ, నువ్వు కానీ" అన్నాడు. గరాజు కిటికీ అద్దానికి మూడు మగముక్కులు, వాటి కింద ఓపల్ ముక్కు అతుక్కుని ఉన్నాయి.

తలుపు తీశాక అందరూ బండి చుట్టూ మూగారు. ద్రాక్షరంగులో మేఘాలు కనపడుతున్నాయి. ముందు మాట్లాడింది ఓపల్. "ఒక్లహోమా నుంచి ఇక్కడిదాకా మా లారీ నడిపింది నేనురా" అంది, ఎవరూ అడక్కుండానే. "మీ నాన్న జ్వరంతో వెనక పరుపుల మీద పడుకున్నాడు. కాలిఫోర్నియా పొలిమేర రాగానే లేపి ముందు కూచోబెట్టి చక్రం చేతికిచ్చాను, చూసేవాళ్ళు ఏమనుకుంటారోనని. ఆ తర్వాత బతికినంత కాలం తనే నడిపానని చెప్పుకున్నాడు." ఆవిడ కోడలి వైపు చూడలేదు. "నాకెవరైనా చల్లటి టీ పోస్తారా, అదీ నేనే పోసుకోవాలా?"

"నేను పోస్తానమ్మా" అని ఆర్విల్ లోపలికి వెళ్ళాడు. వంటింట్లో అల్మరాలు తెరిచి మూసిన చప్పుళ్ళు చాలాసేపు వినపడ్డాయి. వచ్చేటప్పుడు ఒక చేతిలో టీ గ్లాసు, రెండో చేతిలో క్రీము సీసా. "పిండిడబ్బా వెనకాలా దాచేది?" అంటూ గరాజులోకి రాబోయాడు.

"అక్కడే ఆగు! మహానుభావా, దాన్ని రంగు దగ్గరికి తేకు!" నోరీన్ కేక పెట్టి అతన్ని నెట్టుకుంటూ పెరటి మెట్ల దాకా తీసుకెళ్ళింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. ఆర్విల్ మూత తీసి పట్టుకున్నాడు. "నవంబరులో..." అని ఆగిపోయాడు. "తప్పు నాది నోరీ. ఆ మాట అనకుండా ఉండాల్సింది." ఆమె తల ఊపింది. పర్లేదు అనలేదు.

గ్రేడీ టోపీ తీసి చేతిలో తిప్పుకుంటూ మెట్ల దగ్గరికి వచ్చాడు. "ఒరేయ్ ఆర్విల్, నా కూపేకి కూడా రంగెయ్యాలిరా. వచ్చే శనివారం మీ ఆవిడ చెయ్యి..."

"నన్నడుగుతావేం?" అన్నాడు ఆర్విల్. "నేను గొట్టం పట్టుకునేవాణ్ణి."

గ్రేడీ నోరీన్ వైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో అతను ఆమెనే ఉద్దేశించి ఒక ప్రశ్న అడగటం అదే మొదలు. "మరి... నువ్వేమంటావు నోరీన్?"

నోరీన్ సీసాలోంచి క్రీము తీసుకుంది. గులాబీవాసన గుప్పుమంది. తొందరేం లేనట్టు ఒక్కొక్క వేలికీ, పగిలిన ప్రతి కణుపుకీ, మణికట్టు దాకా రాసుకుంది. మగవాళ్ళిద్దరూ, ఒకరు నిలబడి, ఒకరు కూర్చుని, ఎదురుచూశారు.

"చూద్దాం గ్రేడీ. ఇవాళ ఏమీ చెప్పలేను" అంది. "ఇప్పుడే చేతులకి క్రీము రాసుకున్నాను."